స్పోకు తెగింది, యాత్ర ఆగింది

సైకిలు యాత్రలు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: కన్యాకుమారి వెళ్దామని హైదరాబాదులో బయల్దేరాను. కర్నూలు దాటాక వెనక చక్రంలో ఒక స్పోకు తెగింది. డోన్‌లో మెకానిక్కు చూపిస్తే, గేర్ల పళ్లచక్రాలు ఊడదీస్తే తప్ప కొత్త స్పోకు పట్టదని, దానికి పానా తన దగ్గర లేదని చెప్పి, బెండు మాత్రం తీసి పంపాడు. గుత్తి దగ్గర రెండోది తెగింది. అనంతపురం చేరేలోపు మూడోది. అక్కణ్ణుంచి రైల్లో ఇంటికొచ్చాను. రోడ్డు అద్దంలా ఉంది, ఒక్క గుంటలో కూడా పడలేదు. సైకిలు కొని నాలుగేళ్లే. తప్పెక్కడ జరిగింది? - హైదరాబాదు పాఠకుడు

జవాబు: మీరు రాయలేదు గానీ, మూడూ కుడివైపువే అయ్యుంటాయి. మూడూ హబ్బు దగ్గర, స్పోకు వంగే మెడ దగ్గరే తెగి ఉంటాయి. పందెం కాస్తాను.

స్పోకు గుంటలో పడి తెగడం తక్కువ. అలిసిపోయి తెగుతుంది. ఇనప తీగను వేళ్లతో అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి పుటుక్కుమంటుంది చూడండి, అదే సంగతి. చక్రం తిరిగేటప్పుడు నేలవైపు వచ్చిన స్పోకు కాస్త వదులై, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో వచ్చిన ‘ది బైసికిల్ వీల్’ పుస్తకంలో దీన్ని లెక్కగట్టి చూపించాడు. మామూలు 700సి చక్రం కిలోమీటరుకు సుమారు 460 సార్లు తిరుగుతుంది. మీరు నాలుగేళ్లలో పదివేల కిలోమీటర్లు తొక్కారనుకుంటే, ఒక్కో స్పోకు 46 లక్షల సార్లు వదులై బిగిసింది. దాని మీద మొన్న వెనక క్యారియరుకు రెండు సంచులు వేలాడదీశారు. పళ్లచక్రాలకు చోటివ్వడం కోసం కుడివైపు స్పోకులు దాదాపు నిటారుగా నిలబడి, ఎడమవైపు వాటికంటే ఎక్కువ లాగుడు మీద ఉంటాయి. అందుకే చాలావరకు ముందు తెగేవి అవే.

మొదటిది తెగినప్పుడే మీకు కబురొచ్చింది. దాని పక్కవాటి వయసూ అంతే కదా! ఒకటి తెగితే అదృష్టం బాగోలేదనుకోవచ్చు. రెండోది తెగితే మాత్రం ఆ వైపు స్పోకులన్నీ మార్చాల్సిందే. ఇప్పుడైనా ఆ పని చేయించండి. రీము తిన్నగా ఉంటే దాన్ని మార్చక్కర్లేదు. అల్లాక పక్కపక్క స్పోకులను జతలుగా పట్టుకుని గట్టిగా నొక్కి, మళ్లీ బెండు తీయమని దగ్గరుండి చెప్పండి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు.

దారిలో తెగితే ఏం చేయాలంటే: కుడి స్పోకు తెగితే రీము ఎడమకు జరిగి బ్రేకు రబ్బరుకు రాసుకుంటుంది. తెగినదానికి అటూ ఇటూ ఉన్న రెండు ఎడమ స్పోకుల నిపిల్స్ (రీము దగ్గర స్పోకును బిగించే చిన్న నట్లు) అరచుట్టు వదులు చేయండి. ఇక్కడే చెయ్యి తడబడేది. నిపిల్‌ను టైరు వైపు నుంచి చూసినప్పుడే కుడికి తిప్పితే బిగుస్తుంది. హబ్బు వైపు నుంచి చూస్తే అంతా తలకిందులు. తెగిన ముక్కను పక్క స్పోకుకు చుట్టేసి, సంచులు బస్సెక్కించి, ఖాళీ సైకిలు మీద పెద్ద ఊరు చేరండి.

ఇక అసలు మాట. మీ యాత్ర స్పోకు తెగినందుకు ఆగలేదు. పళ్లున్న చిన్న పానా, మీ చక్రం కొలతకు సరిపడే స్పోకు, ఈ రెండూ డోన్‌లో దొరకనందుకు ఆగింది. అరచేతిలో పట్టే ఆ పానా మీ సంచిలో ఉండాలి. దాన్ని తిప్పే పెద్ద పానా ఏ లారీ షెడ్డులో అడిగినా ఇస్తారు. వెనక చక్రానికి కుడి, ఎడమ స్పోకుల పొడవుల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. రెండు కొలతలవీ మూడేసి చొప్పున ఫ్రేముకు టేపుతో చుట్టి ఉంచుకోండి. ఊళ్లో దొరికేవి మోసుకెళ్లొద్దు, దొరకనివే మోసుకెళ్లండి.

ప్రశ్న: విశాఖ నుంచి బస్సు టాపు మీద సైకిలు వేసుకెళ్లి, దిగిన చోటు నుంచి తొక్కడం మొదలుపెట్టాను. మొదటి ఎత్తులో చిన్న గేరుకు మార్చగానే వెనక గేరు వెళ్లి స్పోకుల్లో ఇరుక్కుని విరిగిపోయింది. నాసిరకం సైకిలా? - విజయనగరం పాఠకుడు

జవాబు: సైకిలు మంచిదే. టాపు మీద కుడివైపు కిందికి పెట్టి పడుకోబెట్టి ఉంటారు. వెనక గేరు ఫ్రేముకు ఒక మెత్తటి అల్యూమినియం ముక్క మీద వేలాడుతుంది. దాన్ని హ్యాంగర్ అంటారు. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తానే వంగేలా చేస్తారు దాన్ని. అది లోపలికి వంగిన సంగతి పెద్ద గేర్లలో తెలియదు. ఎత్తు రాగానే చైను చక్రానికి దగ్గరి పళ్ల మీదికి వెళ్తుంది, వంగిన గేరు స్పోకులకు తగులుతుంది. ఆ తర్వాత కథ మీరే రాశారు.

నాకూ ఈ పాఠం ఒకసారి అరకు ఘాటులో అయింది. సంచిలో నాలుగు కిలోల పానాలున్నాయి, తులం బరువైనా లేని హ్యాంగర్ మాత్రం లేదు. టమాటాలు దించి వస్తున్న జీపులో, ఖాళీ ట్రేల మధ్య కూర్చుని కొండ దిగాను.

హ్యాంగర్ ఆకారం మోడలుకో రకం. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. బయల్దేరే ముందే మీ సైకిలుకు సరిపడేది కొని సీటు కింద సంచిలో వేసుకోండి. బస్సు దింపగానే వెనక నిలబడి చూడండి. గేరులోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్లతో ఒకే నిలువు గీతలో ఉండాలి. కొద్దిగా వంగితే చేత్తో ఒక్కసారి మెల్లగా లాగొచ్చు. రెండోసారి లాగితే చేతిలోకి వస్తుంది. విరిగిపోయిందా, చైను కత్తిరించి గేరు తీసేసి, మధ్య పళ్ల మీద ఒకే గేరుతో తొక్కుకుంటూ పోవచ్చు. చైను కత్తిరించే పనిముట్టు ఉంటేనే సుమా.

ప్రశ్న: కర్నూలు - అనంతపురం మధ్య ఒక్కరోజులో ఐదు పంక్చర్లు. ట్యూబు మార్చినా అదే గతి. విసిగి బస్సెక్కేశాను. - నంద్యాల పాఠకుడు

జవాబు: పంక్చర్ ఐదుసార్లు పడినా ముల్లు ఒక్కటే అయ్యుంటుంది. హైవే అంచున పేలిన లారీ టైర్ల పీలికలు పడి ఉంటాయి. వాటిలోంచి రాలే ఉక్కు తీగముక్క వెంట్రుకంత సన్నం. టైరులో దూరితే పైకి కనిపించదు. వేలికి దూది చుట్టి టైరు లోపల మెల్లగా తిప్పండి, దూది పోగు ఎక్కడ చిక్కితే అక్కడుంది దొంగ. వట్టి వేలితో మాత్రం వద్దు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు కనీసం కంటికి కనిపిస్తాయి.

చిల్లును చూసినా సగం తెలుస్తుంది. పాము కాటేసినట్టు పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువైంది. రీము వైపు పడితే లోపలి టేపు జరిగింది. టైరు మీది పేరు ఎప్పుడూ వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కిస్తే, ట్యూబులో చిల్లు ఎంత దూరంలో ఉందో టైరులోనూ అంత దూరంలోనే వెతికితే చాలు.

ఇంకొకటి. మీ రీముకు సన్న వాల్వు ఉంటే మన ఊరి ట్యూబుల వాల్వు ఆ బెజ్జంలో దూరదు. ట్యూబులు మీవే తెచ్చుకోవాలి. పంక్చర్ షాపు గాలిగొట్టం పట్టడానికి చిన్న ఇత్తడి అడాప్టరు కూడా ఉంచుకోండి.

ప్రశ్న: నాలుగు వందల కిలోమీటర్లకే వెనక్కొచ్చానని మిత్రులు నవ్వుతున్నారు. - కరీంనగర్ పాఠకుడు

జవాబు: 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్లు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. 1928లో తిరిగొచ్చి యాత్ర పూర్తిచేసింది ముగ్గురే. ఒకాయన టెహ్రాన్ నుంచే వెనక్కి వచ్చేశాడు, ఇంకొకాయన అమెరికాలోనే ఉండిపోయాడు. మీ మిత్రుల్లో ఎవరైనా నాలుగు వందలు తొక్కారా, అడగండి.

ప్రశ్న: మా నాన్నగారి నల్ల సైకిలు ఉంది. దాని మీద శ్రీశైలం వెళ్లొచ్చా? గేర్ల సైకిలు కొనాలా? - అచ్చంపేట పాఠకురాలు

జవాబు: రిపేరు మాట వరకైతే నల్ల సైకిలే నయమమ్మా. దాని టైరు, చైను, స్పోకు ఏ ఊరి షాపులోనైనా ఉంటాయి. భయమల్లా బ్రేకులతోనే. ఇనప రీము తడిస్తే కడ్డీ బ్రేకు పట్టీ పట్టనట్టు ఉంటుంది. వానాకాలం వద్దు. ఎండాకాలంలోనైనా డ్యాము వైపు ఘాటులో దిగి నడిపించుకుంటూ వెళ్లండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి దారి మూసేస్తారు కాబట్టి, ముందురోజు మన్ననూరులో ఆగి తెల్లవారగానే బయల్దేరండి. బయల్దేరేలోపు పెడల్ కాడను ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులు రెండు కొని కొంగున కట్టుకోండి. అవి ఎక్కడైనా దొరుకుతాయి, నల్లమలలో తప్ప.