అడిగే కుర్చీలో పిల్లల్నే కూర్చోబెట్టండి

సమస్య

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. బీకాం ఫైనలియర్‌లో 60 మంది ఉన్నారు. చాలామంది ఇళ్లలో డిగ్రీదాకా వచ్చిన మొదటివాళ్లు వీళ్లే. పోయిన నెల ఒక ఫైనాన్స్ సంస్థ వాళ్లు ఎంపికలకు వచ్చారు. రాతపరీక్ష గట్టెక్కిన పిల్లలు ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోయారు. ఒకరి తర్వాత ఒకరు అదే పాఠం అప్పజెప్పారు: పేరు, ఊరు, నాన్నది వ్యవసాయం, నా బలం కష్టపడటం, నా బలహీనత అందర్నీ తొందరగా నమ్మేయడం. ఆ తర్వాత ఏది అడిగినా మౌనమే. క్లాసులో చాలా చురుకైన ఒక అమ్మాయి ఉంది. వాళ్లకు ఊళ్లో కిరాణా కొట్టు ఉంది, సాయంత్రాలు పద్దులన్నీ తనే చూస్తుంది. పని అనుభవం ఉందా అంటే "లేదు సార్" అని తల దించుకుందట.

అంతకుముందే విశాఖ నుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించి రోజంతా క్లాసు పెట్టించాం. ఎలా కూర్చోవాలి, షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి అని స్లైడ్లు చూపించారు. పిల్లలు రాసుకున్నారు, అంతే. తర్వాత ప్లేస్‌మెంట్ సెల్ తరఫున అందరి ముందూ మాక్ ఇంటర్వ్యూలు జరిగాయి. ఒక అబ్బాయి ఇంగ్లిష్‌లో తడబడితే క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి అతను ఆ పీరియడ్‌కు రావడం మానేశాడు.

ముందు ఇంగ్లిష్ నేర్పితే మిగతావి అవే వస్తాయని ఒక తోటి లెక్చరర్ అంటారు. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు ఇంటర్వ్యూలతో పనేమిటని ఇంకొకరు అంటారు. వచ్చే నెల జాబ్ మేళా ఉంది. నాకు దొరికేది వారానికి ఒక్క గంట. అంతమందికి ఆ గంటలో ఏం చేయగలను?

— ఒక అధ్యాపకురాలు

సలహా

మేడమ్ గారూ, కిరాణా కొట్టు అమ్మాయి దగ్గరే మొదలుపెడదాం. ఎవరికి ఎంతవరకు అరువివ్వాలి, ఎవరు పంట డబ్బు చేతికొచ్చాక తీరుస్తారు, ఎదుటివారి మనసు నొప్పించకుండా బాకీ ఎలా అడగాలి, ఏ సరుకు అయిపోకముందే తెప్పించాలి... ఇవన్నీ ఆ పిల్ల రోజూ చేస్తోంది. మీ కాలేజీకి వచ్చిన ఫైనాన్స్ సంస్థ నడిచేదే అప్పులివ్వడం, వసూలు చేసుకోవడం మీద. అయినా అనుభవం లేదంది. ఆఫీసులో జీతానికి చేసిందే అనుభవమని ఆమె నమ్మకం. అది ఇంగ్లిష్ రాక వచ్చిన చిక్కు కాదు. తెలుగులో అడిగినా అదే జవాబు చెప్పేది.

అందుకే మొదటి గంట పూర్తిగా తెలుగులో జరపండి. "నీ గురించి చెప్పు" అనకండి, చేసిన పని గురించి అడగండి. బాకీ తీర్చనివాళ్లతో ఏం మాట్లాడావు? పండక్కి సరుకు ఎంత తెప్పించాలో ఎలా తేల్చుకున్నావు? జవాబు రాగానే వదిలేయకుండా "తర్వాత ఏమైంది, అందులో నువ్వు చేసిందేమిటి" అని తరచి అడగండి. పరిస్థితి, చేయాల్సిన పని, తను చేసింది, ఫలితం అనే వరుసలో ఒక సంఘటన బయటికొస్తుంది. కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు స్టార్ పద్ధతి అనేది ఈ వరుసనే. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం ఇంటింటికీ తిరిగి సర్వే చేసినవాళ్లు, సెలవుల్లో కూలికి వెళ్లినవాళ్లు, ఊళ్లోవాళ్లకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టినవాళ్లు మీ క్లాసులో తప్పకుండా ఉంటారు. ఒక్కొక్కరి దగ్గరా అలాంటి సంఘటనలు రెండు మూడు తేలితే చాలు. అప్పజెప్పే పాఠం ఇక అక్కర్లేదు.

ఇంగ్లిష్ అవసరం లేదని నేననడం లేదు. ప్రైవేటు ఉద్యోగానికి అది కావాలి. కానీ చెప్పాల్సిన విషయం చేతిలో ఉన్నాకే భాష దాని వెంట వస్తుంది. రెండో వారం అవే సంఘటనలను చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పించండి. మీ జిల్లాకే చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగులో రాసి 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. యూపీఎస్సీ ఇంటర్వ్యూను తెలుగులో ఇచ్చే వీలు కూడా ఉంది. ఇంగ్లిష్ తడబడితే తెలివి లేదనుకునే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక గంట లెక్క. అందర్నీ మీరే ఇంటర్వ్యూ చేయాలనుకుంటే ఈ నెల చాలదు. ముగ్గురేసి చొప్పున 20 జట్లు చేయండి. ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు, మూడోవారు గమనించి రాసుకుంటారు. పది నిమిషాలకోసారి స్థానాలు మారితే అరగంటలో అందరి వంతూ అయిపోతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అడిగేవారి కుర్చీ. ఎదుటివాడు బట్టీపట్టింది చెబుతుంటే తనకే విసుగు పుడుతుంది, చేసిన పని చెబుతుంటే ఇంకా వినాలనిపిస్తుంది. మీరు నెలంతా చెప్పినా ఎక్కనిది అక్కడ పది నిమిషాల్లో అర్థమవుతుంది.

మూడోవారు బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒక్కటి మాత్రమే చెప్పాలి. అదీ ఆ ముగ్గురి మధ్యే ఉండాలి. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పడం, ఆలోచించుకోవడానికి కాస్త సమయం అడగడం కూడా అభ్యాసం చేయించండి. చాలామంది పిల్లలు ఆ రెండూ తప్పనుకుని నోరు మూసుకుంటారు.

నవ్వులపాలైన అబ్బాయి సంగతి వచ్చే వారానికి వాయిదా వేయకండి. కబురు పంపొద్దు, మీరే వెళ్లి విడిగా మాట్లాడండి. అతనికి నచ్చిన ఇద్దరు స్నేహితులతో జట్టు కట్టించి, మొదటి వంతు అడిగే కుర్చీలో ఇవ్వండి. క్లాసుకు కూడా గట్టిగా చెప్పండి: ఈ గంటలో తప్పు మాట్లాడొచ్చు, నవ్వడానికి మాత్రం వీల్లేదు. ఆ మాట మీరు నిలబెట్టకపోతే మిగతా వాళ్లు కూడా నోరు విప్పరు.

మూడో వారానికి కొత్త ముఖాలు కావాలి. మీ ఊరి బ్యాంకు మేనేజర్‌ని, మందుల షాపు యజమానిని, ఉద్యోగాల్లో ఉన్న మీ పాత విద్యార్థులను అడగండి. ఊళ్లో ఉన్నవాళ్లు ఒక గంట వచ్చి కూర్చుంటారు, దూరాన ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో అడుగుతారు. చాలా కంపెనీలు మొదట ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో మాట్లాడుతున్నాయి కనుక సిగ్నల్ ఎక్కడ అందుతుంది, వెలుతురు ముఖం మీద ఎలా పడాలి అన్నవీ అప్పుడే తేలిపోతాయి.

బ్యాంకుల మాటకొస్తే ఐబీపీఎస్ క్లర్కుకు ఇంటర్వ్యూ లేదు, నిజమే. పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పోస్టుకు ఉంది. తుది జాబితాలో మెయిన్స్‌కు 80 శాతం, ఇంటర్వ్యూకు 20 శాతం వెయిటేజీ. మీ తోటి లెక్చరర్‌కు ఈ లెక్క చెప్పండి.

పిల్లలు తిరిగి అడగాల్సినవీ ఉన్నాయి. చేతికి వచ్చే జీతమెంత, పని ఏ ఊళ్లో, రాత్రి షిఫ్టుంటే ఇంటికి చేర్చే వాహనం ఉందా, బాండ్ రాయాలా? ఆడపిల్లల ఇళ్లలో ముందుగా లేచే ప్రశ్నలు ఇవే. ఉద్యోగమిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలి రావొద్దని మేళాకు బయల్దేరే ముందు మళ్లీ చెప్పండి. ఎంపికైనా కాకపోయినా, అక్కడ అడిగిన ప్రశ్నలను బస్సెక్కేలోపే ఫోన్‌లో రాసుకోమనండి. ఆ తర్వాతి వారం గంటకు పాఠం అదే.