ఈ-విటారా తీసుకోవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఇంట్లో అయిదుగురం. తరచూ విజయవాడ వెళ్తుంటాం. మారుతి ఎలక్ట్రిక్ కారు ఈ-విటారా తీసుకోవడం మంచిదేనా?

జవాబు: మీరు ముందుగా అపార్ట్‌మెంట్ సంఘంతో మాట్లాడాలి. సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోనిస్తారా? ఈ-విటారాలోని 61 కిలోవాట్-అవర్ల పెద్ద బ్యాటరీ 7 కిలోవాట్ల చార్జర్‌తో నిండాలంటే తొమ్మిది గంటలు దాటుతుంది. రాత్రిపూట ఆ వీలు లేకపోతే ఏ ఎలక్ట్రిక్ కారైనా రోజూ ఇబ్బందే.

ఈ బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో నడుస్తుందని కంపెనీ చెప్పే 543 కిలోమీటర్లు పరీక్షల్లో తేలిన లెక్క. ఏసీ, అయిదుగురు, సామాను, హైవే వేగం... వీటికి మూడో వంతు తీసేసుకోవాలి. అయినా సుమారు 275 కిలోమీటర్ల విజయవాడకు ఒక్క చార్జింగ్‌తో చేరొచ్చు. 49 కిలోవాట్-అవర్ల చిన్న బ్యాటరీతో మాత్రం అంత ధీమా ఉండదు. డబ్బు సరిపోతే పెద్దదే తీసుకోవాలి.

ఈ-విటారాలో మూడో వరుస సీట్లు లేవు; అయిదుగురిలో ముగ్గురు వెనక సీట్లోనే సర్దుకోవాలి.

బ్యాటరీ అడుగున ఉండటంతో ఎలక్ట్రిక్ కార్లలో నేల కాస్త ఎత్తుగా ఉంటుంది, వెనక కూర్చున్నవారి మోకాళ్లు పైకి లేస్తాయి. అందుకే పెద్దవాళ్లనూ షోరూమ్‌కు తీసుకెళ్లి, కాసేపు కూర్చోబెట్టి చూడాలి.

కొనడం వాయిదా వేసినా మరీ ఎక్కువకాలం వద్దు. ఎలక్ట్రిక్ వాహనాలకు తెలంగాణ 2024 నవంబరులో ప్రకటించిన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31.