మూడు వారాలు మారని కొలత

చి. అమ్మాయికి,

చిట్టెలుకల మీద పరిశోధనలు చేసే పెట్ స్కానర్ బాధ్యత నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. ఆ యంత్రం గొప్పతనం చెప్పేవాళ్లు ముందుగా దాని రిజల్యూషన్, సెన్సిటివిటీ అంకెలు నీ ముందు పెడతారు. అవీ అవసరమే. అయితే అంతకన్నా ముందు నువ్వు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈరోజు చెప్పిన కొలతనే ఈ స్కానర్ మూడు వారాల తర్వాత కూడా చెబుతుందా? చెబుతుందని నువ్వే స్వయంగా పరీక్షించి తేల్చుకునేదాకా ఏ జంతువునూ దాని మీద పడుకోబెట్టవద్దని నా సలహా. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను.

చిట్టెలుకకు స్కానర్ ఎందుకు కావలసివచ్చిందో ముందు ఆలోచించు. కణితి మీద మందు ఎలా పనిచేస్తోందో వారం వారం తెలుసుకోవాలంటే, ప్రతి వారం కొన్ని జంతువులను చంపి, అవయవాలు బయటికి తీసి, వాటిలో చేరిన రేడియోధార్మికతను లెక్కపెట్టడం పాత పద్ధతి. 1990లలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైమన్ చెర్రీ బృందం చిన్న జంతువుల కోసం మైక్రోపెట్‌ను తయారుచేసింది. అలాంటి చిన్న స్కానర్లు వచ్చాక ఒకే జంతువును బతికుండగానే మళ్లీ మళ్లీ చూడటం వీలైంది. జంతు ప్రయోగాల్లో ప్రత్యామ్నాయాలు వెతకాలి, జంతువుల సంఖ్య తగ్గించాలి, వాటి బాధ తగ్గించాలి అని ఇంగ్లండులో విలియం రసెల్, రెక్స్ బర్చ్ 1959లో మూడు సూత్రాలు చెప్పారు. వాటిలో రెండోదానికి ఈ స్కానర్ పెద్ద అండ. ప్రతి జంతువునూ దాని నిన్నటి స్థితితోనే పోల్చవచ్చు కాబట్టి తక్కువ జంతువులు సరిపోతాయి. కానీ ఈ మేలంతా ఒక్క నమ్మకం మీద ఆధారపడింది. రెండు స్కాన్ల మధ్య కనిపించిన తేడా జంతువులో వచ్చినదే గాని యంత్రంలో వచ్చినది కాదన్నదే ఆ నమ్మకం. అది వమ్మైతే, సంఖ్య తగ్గించామని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. వాడిన ఆ కొన్ని జంతువుల ప్రాణాలూ వృథా అయినట్టే.

యంత్రం మారుతుందా అంటే, మారుతుంది. జంతువుకు ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి అంతరించినప్పుడు ఎదురెదురు దిశల్లో వెలువడే రెండు ఫోటాన్లను స్కానర్ ఒకేసారి పట్టుకోవాలి. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. క్రిస్టల్‌లో పుట్టిన మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సర్లకు, ముఖ్యంగా ఈనాటి సిలికాన్ సెన్సర్లకు, ఉష్ణోగ్రత మారితే పనితీరు మారుతుంది. సంకేతం బలం తగ్గితే, లెక్కలోకి రావాల్సిన ఫోటాన్లలో కొన్ని మనం పెట్టుకున్న శక్తి పరిధి నుంచి జారిపోతాయి. ఒక డిటెక్టర్ బ్లాకు మొరాయించినా బొమ్మ కంటికి బాగానే కనిపించవచ్చు. తప్పేది అంకె. స్కానర్‌కు బయట జరిగే పొరపాట్లు కూడా ఆ అంకెలోకే వచ్చి చేరతాయి. ఆ పదార్థంలో ఉండే ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. ఇంజెక్షన్ వేళ చూసుకున్న గోడ గడియారానికీ స్కానర్ కంప్యూటర్‌కూ 10 నిమిషాల తేడా ఉంటే ఫలితంలో 6 శాతం తప్పు వచ్చేస్తుంది. అందుకే మోతాదు కొలిచే డోస్ కాలిబ్రేటర్, గడియారాలు, స్కానర్ మూడింటినీ కలిపి ఒకే కొలమానంగా చూడు, కలిపే పరీక్షించు.

ఇంతకన్నా లోతైన చిక్కు పరిమాణంతో వస్తుంది. చిట్టెలుక బరువు 25 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. దాని మెదడు అర గ్రాము కూడా తూగదు. స్కానర్ విడదీసి చూడగలిగే హద్దుకు దగ్గరలో ఉన్న చిన్న కణితి సంకేతం చుట్టుపక్కలకు పాకిపోయి, ఉన్నదానికన్నా తక్కువగా నమోదవుతుంది. 2 మిల్లీమీటర్ల కణితి 5 మిల్లీమీటర్లకు పెరిగిందనుకో. దాని ప్రతి గ్రాము తీసుకునే, ఫ్లోరిన్-18 ఉన్న గ్లూకోజ్ లాంటి పదార్థమైన ఎఫ్‌డీజీ ఏమాత్రం మారకపోయినా స్కాన్‌లో పెరిగినట్టే కనిపిస్తుంది. మందు వల్ల కణితి చిన్నదైతే, మిగిలిన కణాల చురుకు తగ్గకపోయినా తగ్గినట్టే కనిపిస్తుంది. అమెరికాలోని విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం నెమా 2008లో ప్రచురించిన ఎన్‌యూ 4 ప్రమాణంలో ఈ నష్టాన్ని అంకెల్లో చూపే పరీక్ష ఉంది. దానికి వాడే ఫాంటమ్ 50 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న ప్లాస్టిక్ స్తంభం. అందులో 1 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా ఐదు సన్నని గొట్టాలుంటాయి. రేడియోధార్మికత ఉండకూడని రెండు అరలు కూడా ఉంటాయి, ఒకటి గాలితో, ఇంకొకటి నీళ్లతో నిండి. అన్ని గొట్టాల్లో ఒకే గాఢత ఉన్నా, సన్నబడేకొద్దీ స్కానర్ ఎంత తక్కువ చూపిస్తోందో దీనితో తెలుస్తుంది. ఖాళీగా కనిపించాల్సిన అరల్లో ఎంత దొంగ సంకేతం చేరుతోందో కూడా తెలుస్తుంది. ఈ పట్టిక నీ దగ్గర లేకపోతే, కణితి పరిమాణం మారడాన్ని దాని స్వభావం మారడంగా పొరబడతావు.

స్కానర్ అమర్చినప్పుడే కంపెనీవాళ్లు ఈ పరీక్షలన్నీ చేసి కాగితాలిచ్చారు కదా, మళ్లీ ఎందుకని నీకు ఎవరైనా చెప్పవచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నంత మాత్రాన దుకాణంలో కాటా ఏడాది పొడవునా సరిగ్గా తూస్తుందని ఎవరూ అనుకోరు. ఆ కాగితం యంత్రం ఒక రోజు ఎలా ఉందో చెబుతుంది, అంతే. పైగా ఆ నెమా ప్రమాణం వేర్వేరు స్కానర్లను ఒకే పద్ధతిలో పోల్చడానికి రాసినది. అందులో రిజల్యూషన్ పరీక్షకు సోడియం-22 చుక్కను, ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్ అనే పాత లెక్కింపు పద్ధతిని వాడమంటారు. రోజూ మీరు బొమ్మలు తయారుచేసేది వేరే పద్ధతిలో, మీకు నచ్చిన సెట్టింగులతో. కాబట్టి కాగితం మీద రిజల్యూషన్ అంకె ఎంత నిజమైనా, అది మీ బొమ్మల అంకె కాకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ మారినా, డిటెక్టర్ మార్చినా ఫాంటమ్‌ను మీ సెట్టింగులతోనే మళ్లీ స్కాన్ చెయ్యి. ప్రయోగం మధ్యలో ఉండగా సెట్టింగులు మార్చనివ్వకు.

రెండో అభ్యంతరం బరువైనది. జంతువుకూ జంతువుకూ మధ్య తేడాయే 20 శాతం ఉంటే, స్కానర్‌లో 5 శాతం అటూ ఇటూ అయితే ఏం పోయింది అంటారు. ఆ 5 శాతం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయ్యే రకం పొరపాటైతే ఈ మాట చాలావరకు నిజమే. రెండూ కలిసినా మొత్తం తేడా సుమారు 20.6 శాతమే. కానీ స్కానర్ నెమ్మదిగా ఒకే వైపు జారితే ఆ లెక్క పనిచెయ్యదు. మూడు వారాల్లో దాని సెన్సిటివిటీ 8 శాతం తగ్గి, ఆ మేరకు కాలిబ్రేషన్‌ను ఎవరూ సవరించలేదనుకో. ప్రతి జంతువులోనూ సంకేతం అంతే తగ్గినట్టు కనిపిస్తుంది. అదే మందు ప్రభావమని రాసుకుంటాం. జంతువుల సంఖ్య పది నుంచి ఇరవైకి పెంచితే యాదృచ్ఛికమైన పొరపాటు తగ్గుతుంది గాని, ఒకే వైపు జారిన పొరపాటు ఏమాత్రం తగ్గదు. పైగా ఆ తప్పు మీద మన ధీమా పెరుగుతుంది. ఎన్ని జంతువులను బలిపెట్టినా సరికాని తప్పును ఒక ప్లాస్టిక్ స్తంభం పట్టిస్తుంది. పరీక్ష ఎందుకంటే ఇందుకే.

మందు ఇవ్వని గుంపు పక్కనే ఉంటుంది కదా, జారుడు రెండు గుంపుల్లోనూ సమానంగా ఉంటుంది కదా అని మీ బృందంలోనే ఎవరైనా అడగవచ్చు. నిజమే. అందుకే రెండు గుంపులనూ ఒకే రోజు, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి స్కాన్ చెయ్యి. అయితే ఈ రక్షణకు హద్దుంది. ఒక గుంపులో కణితులు పెరిగి, ఇంకో గుంపులో చిన్నవైతే, పరిమాణం వల్ల వచ్చే తప్పు రెండింటిలో సమానంగా ఉండదు. ఇంకో ఊరి ల్యాబు ఫలితంతో పోల్చాలన్నా, కొత్త రేడియో ఔషధం మనిషి అవయవాలకు ఎంత మోతాదు చేరుస్తుందో జంతువు నుంచి అంచనా వెయ్యాలన్నా మీ అంకె స్వతంత్రంగా నిజం కావాలి. అక్కడ పక్క గుంపు ఏ సాయమూ చెయ్యలేదు.

ప్లాస్టిక్ స్తంభం చిట్టెలుక కాదు, ఊపిరి తీసుకోదు, దానికి చలి వెయ్యదు అనే మాటనూ నేను కాదనను. జంతువును ఉపవాసం ఉంచారా, వెచ్చగా ఉంచారా, మత్తు ఎలా ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఎఫ్‌డీజీ ఎక్కడెక్కడ చేరుతుందో ఎంతగా మారిపోతుందో లాస్ ఏంజెలెస్ పరిశోధకులే 2006లో ప్రచురించారు. చలికి గోధుమ రంగు కొవ్వు వెలిగిపోతుంది. కాబట్టి ఫాంటమ్ పరీక్ష ఒక్కటే చాలదు. జంతువును సిద్ధం చేసే పద్ధతి కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. కానీ జంతువు వల్ల వచ్చే తేడాను గుర్తుపట్టాలంటే యంత్రం వల్ల వచ్చే తేడా ఎంతో ముందే తెలిసి ఉండాలి. రెండూ తెలియనప్పుడు ఏది ఏదో విడదీసే దారే లేదు.

ఖర్చు, సమయం అంటారా? ఆ ఫాంటమ్‌కు కావలసింది 3.7 మెగాబెకరల్ ఫ్లోరిన్-18. అది మామూలుగా ఒక చిట్టెలుకకు ఇచ్చే మోతాదును మించదు. స్కాన్‌కు 20 నిమిషాలు. రోజూ పొద్దున సీల్డ్ సోర్సుతో లెక్క సరిచూసుకో. నెలకోసారీ, ప్రతి కొత్త ప్రయోగానికి ముందూ కొలిచి నింపిన స్తంభాన్ని స్కాన్ చేసి, డోస్ కాలిబ్రేటర్ చెప్పినదానితో పోల్చు. ఏటా ప్రమాణంలోని పరీక్షలన్నీ పూర్తిగా చెయ్యి. ఫలితాలను గ్రాఫు గీసి గోడకు అంటించు, బాగా రాని రోజులవి కూడా. జారుడు ఒక్క రోజు అంకెలో కనిపించదు, వరసలోనే కనిపిస్తుంది.

ఆఖరుగా ఒక మాట. మన దేశంలో జంతు ప్రయోగాలకు సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఎన్ని జంతువులు, ఎందుకు అని ఆ దరఖాస్తులో రాస్తావు. ఎవరూ అడగకపోయినా దానికి నీ తాజా ఫాంటమ్ ఫలితాలు జతచెయ్యి. ఇన్ని జంతువులు చాలు అన్న మాటకు నిజమైన ఆధారం అదే. పరీక్షలో అంకె తప్పిన రోజు, ఎవరు ఎంత తొందరపెట్టినా, స్కాన్లు ఆపెయ్యి. పోయేది ఒక రోజు, ఒక సీసా ఫ్లోరిన్. నమ్మలేని స్కాన్ కోసం జంతువుకు మత్తు ఇచ్చి, సూది పొడిచాక వాటిని వెనక్కి తీసుకోలేం. ఆపే అధికారం నీకుందని మొదటి రోజే అందరికీ తెలిసేలా చెప్పు.

క్షేమంగా ఉండు.

ఆశీస్సులతో,
మీ బాబాయి