కండెలు పంపుతున్నాను బిడ్డా

మొన్న ఫోనులో, కాలేజీ ల్యాబులో రాగితీగ చుట్టుకోడానికి ఖాళీ కండెలు కావాలన్నావు. పోచంపల్లిలో మగ్గమున్న ఇంట్లో కండెలకేం కొదవ! అరవై ఏళ్ళు వీటి మధ్యే బతికినవాణ్ణి, ఉత్త కండెలు పంపబుద్ధి కాలేదు. నా చేతికి తెలిసిన సంగతులు కొన్ని రాసి పెడుతున్నాను.

1. చుట్టేటప్పుడే విప్పడం గుర్తుండాలి. కండెకు మొదటి దగ్గర మొదలుపెట్టి, నూలును కొద్దికొద్దిగా కొనవైపు జరుపుకుంటూ ఏటవాలుగా వరసలు వెయ్యాలి. ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంది, రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ నూలును పట్టుకుంటాయి. బిగువంతా ఆ రెండు వేళ్ళదే. వదులైతే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కుదుపుకు చుట్లు గుత్తులుగా జారి చిక్కుపడతాయి. మరీ బిగిస్తే సాగిన నూలు నేశాక ముడుచుకుని గుడ్డను గుంజుతుంది. మీ నాయనమ్మ చుట్టిన కండెలతో నలభై ఏళ్ళు నేశాను. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజు, తను చెప్పకపోయినా నాకు నాడెలో తెలిసేది.

2. ఏది తిరగాలో, ఏది తిరగకూడదో చూసుకో. నాడెలో కండె తిరగదు. దారం దాని కొన మీదుగా జారి వస్తుంది. 1733లో ఇంగ్లండులో జాన్ కే తాడు లాగితే పరుగెత్తే నాడెను చేశాడు. అంత వేగానికి తిరిగే రీలు పెడితే, నాడె ఆగాక కూడా రీలు తిరుగుతూనే ఉండి దారాన్ని కుప్పపోస్తుంది. కండెకు ఆ బాధ లేదు. కాకపోతే కొన మీదుగా తీసిన ప్రతి చుట్టుకూ దారంలో ఒక మెలి పడుతుంది. నూలు ఆ మెలికను ఓర్చుకుంటుంది, రాగితీగ ఓర్చుకోదు. అందుకని నీ తీగ రీలును ఒక చువ్వకు గుచ్చి, తిరగనిస్తూ తియ్యి. కొన మీదుగా ఉంగరాలు ఉంగరాలుగా లాగకు.

3. వరస తప్పిన కండె ఎంత బాగా చుట్టినా దండగే. ఇది నా చేతులారా చేసిన తప్పు. అప్పుడు నాకు పదేళ్ళు. నాయిన పేకకు, అంటే అడ్డనూలుకు, రంగు అంటకూడని చోట్ల చిటికి కట్టి, రంగులద్ది, ఆరబెట్టి, కండెలకు చుట్టించి వరసగా దారానికి గుచ్చి పెట్టాడు. చిలకల చీర అది. పేకలో బొమ్మ ముందే రంగులో ఉంటుంది గనుక మొదటి కండె తర్వాత రెండోదే రావాలి, రెండోదాని తర్వాత మూడోదే. నేను ఉరుకుతూ కాలు తగిలించాను. దారం తెగి కండెలు నలుమూలలకూ దొర్లాయి. భయపడి, ఎవరికీ చెప్పకుండా, చేతికి వచ్చినట్టు గుచ్చేశాను. నాయిన జానెడు నేశాడో లేదో, చిలక ముక్కు ఒకచోట, రెక్క ఇంకోచోట పడ్డాయి. నన్ను కొట్టలేదు. నేసింది ఊడదీసి, రెండు రాత్రులు కందిలి ముందు కూర్చుని, ఒక్కో కండె కొంచెం విప్పి రంగు మచ్చలు కొలుస్తూ మళ్ళీ వరస కూర్చాడు. పక్కన కూర్చుని దీపం ఎగదోసింది నేనే. అప్పటినుంచి గుచ్చిన దారానికి ప్రతి ఐదు కండెలకూ ఒక ముడి వేస్తున్నాను. నువ్వూ నీ తీగచుట్టలకు చుట్టినప్పుడే అంకెలు రాసుకో.

4. చుట్టేవాళ్ళ భుజాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. కండె కంటే ముందు ఆసు ఉంది. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరస. వాటి మధ్య నూలు పోస్తూ ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. మా అమ్మ సాయంత్రానికి కుడిచేత్తో ముద్ద ఎత్తలేకపోయేది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్ళమ్మ కష్టం చూడలేక ఏళ్ళ తరబడి తంటాలుపడి, 1999లో ఆసుయంత్రం పూర్తిచేశాడు. ఆమె పేరే దానికి పెట్టాడు: లక్ష్మీ ఆసు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. పురస్కారం సరే, అసలు గొప్పతనం ఆడవాళ్ళ భుజాల నొప్పిని ఒక మగపిల్లవాడు లెక్కలోకి తీసుకోవడంలో ఉందని నా నమ్మకం.

5. నీ చదువులోనూ మా గుడ్డ ఉంది. 1831 ఆగస్టు 29న ఫారడే ఇనుప కడియానికి రెండు వైపులా రాగితీగలు చుట్టాడు. చుట్టుకు చుట్టు తగలకుండా మధ్యలో పురికొస, పొరకూ పొరకూ నడుమ క్యాలికో గుడ్డ పెట్టాడు. క్యాలికో అన్న మాట మన కాలికట్ రేవు పేరే. ఒక చుట్టకు కరెంటు కలిపినప్పుడూ, తీసినప్పుడూ రెండో చుట్ట దగ్గరి సూది కదిలింది. ఊరూరా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లకు మూలం అదే. మీ చిన్నతాత భువనగిరిలో ఎండాకాలం కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. చుట్లు లెక్కపెడుతున్నప్పుడు సొంత బిడ్డ పిలిచినా పలికేవాడు కాదు. మీ ల్యాబులో నిరోధకాల పెట్టె ఉంటే అడిగి చూడు. అందులో తీగను మధ్యకు మడిచి జంటగా చుట్టి ఉంటారు. పోయే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాని అయస్కాంతాన్ని ఒకటి రద్దుచేసుకుంటాయి.

6. చిన్న కండెను చిన్నచూపు చూడకు. కుట్టుమిషను కింది బాబిన్ అంత చిన్నగా ఎందుకుందో తెలుసా? ప్రతి కుట్టుకూ పైదారపు ఉచ్చు ఆ బాబిన్ చుట్టూ పూర్తిగా తిరిగి రావాలి. పెద్దదైతే ఉచ్చు దాటలేదు.

7. పనయ్యాక చుట్టను మళ్ళీ మొదటికి తేవాలి. సినిమా హాల్లో వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడేది. ఆడిన రీలును ఆటకు ఆటకూ మధ్య తిరగచుట్టకపోతే తోక ముందుకు వచ్చేది. నువ్వు కూడా పని అయ్యాక తీగను తిరగచుట్టి, కొసను చివరి చుట్టు కిందికి దోపి, చిటికెడు బయటికి వదులు. కొస వెతుక్కోవడంలో పోయినంత పొద్దు నేతలో పోలేదు నాకు.

సంచిలో పన్నెండు కండెలున్నాయి. ఎనిమిది కట్టెవి, నాలుగు ప్లాస్టిక్‌వి. ఇనుపవి పెట్టలేదు, అయస్కాంతం లెక్క మారుతుందన్నావుగా. కట్టెవాటిలో ఒకదానికి మొదటి దగ్గర నీలిరంగు అంటుకుని ఉంది. అది నాయనమ్మది. దానికి తీగ చుట్టొద్దని అనను గానీ, ముందు మిగతావి వాడు.