పాలు విడిచిన పందిపిల్లల ప్రేగులకు మేలుచేయు సూక్ష్మజీవులు

పశువుల ఆరోగ్యమునకును మనుష్యుల ఆరోగ్యమునకును గల సంబంధము మిక్కిలి సన్నిహితమైనది. పందుల దొడ్డిలో వాడిన మందు యొక్క ఫలితము ఆ దొడ్డితో ముగిసిపోదు. అది ఆసుపత్రిలోని రోగి వరకును వచ్చును. భారత ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ 2019వ సంవత్సరము జూలై నెలలో కొలిస్టిన్ అను మందును, ఆహారమునకై పెంచు పశువులకును, కోళ్లకును, చేపల పెంపకమునకును, మేతలలో కలుపుటకును తయారుచేసి అమ్మరాదని నిషేధించుటకు కారణమిదియే. పందుల పెంపకములో ఇట్టి మందుల వైపు చేయి సాచు సమయము ముఖ్యముగా పిల్లలు పాలు విడుచు సమయము. ఆ సమయమున మందులకు మారుగా మేలుచేయు సూక్ష్మజీవులు ఎంతవరకు తోడ్పడగలవో ఇచట వివరింపబడుచున్నది.

పాలు మానుటలోని కష్టము

2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము మన దేశమున సుమారు 90 లక్షల పందులు కలవు. అందు 21 లక్షలు ఒక్క అస్సాము రాష్ట్రముననే యున్నవి. అనేక పేద కుటుంబములకు ఇవియే నిలువ ధనము. పుట్టిన పిల్లలలో ఎన్ని బ్రదికి పెరుగునో దానిపైననే ఆ కుటుంబముల ఆదాయము ఆధారపడియుండును.

స్వేచ్ఛగా తిరుగు తల్లి పంది తన పిల్లలకు సుమారు మూడు నాలుగు నెలల కాలములో క్రమక్రమముగా పాలు మాన్పించును. పెద్ద పెంపక కేంద్రములలో మూడు నాలుగు వారములకే ఒక్కసారిగా మాన్పింతురు. అప్పుడు పిల్లకు తల్లి దూరమగును. కొత్త పిల్లలతో కలిసి కొత్త చోట నుండవలసి వచ్చును. వెచ్చని పాలకు బదులు పొడి మేత ఎదురగును. ఒకటి రెండు దినములు అది మేత ముట్టదు. పిమ్మట ఆకలికి తాళలేక మితిమీరి తినును.

చిన్నప్రేవు లోపలి గోడపై ముఖమలు గుడ్డ మీది నూగువలె సూక్ష్మమైన మొలకలుండును. వీనిని ఆంత్రచూషకములందురు. జీర్ణమైన ఆహారమును పీల్చుకొనునవి ఇవియే. పస్తు వలనను, మేత మార్పు వలనను ఇవి పొట్టివై పోవును. పాలు త్రాగునంతకాలము పాలలోని చక్కెరను కొన్ని సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లముగా మార్చి కడుపును పుల్లగా నుంచును. ఆ పులుపు హానిచేయు క్రిములను అణచును. పాలు ఆగిన వెంటనే ఆ పులుపు తగ్గును. పిల్ల కడుపు తనంతట తాను తగినంత ఆమ్లమును స్రవించుటకు ఇంకను వయస్సు చాలదు. జీర్ణము కాని మాంసకృత్తులు క్రిందికి దిగి క్రిములకు మేతయగును.

ఈ అదను చూచి ఇ. కోలై జాతిలోని కొన్ని రకముల క్రిములు తమ సన్నని పోగులతో ప్రేగు గోడను పట్టుకొని విషమును వెలువరించును. ఆ విషము శరీరములోని నీటిని ప్రేగులలోనికి లాగును. అంతట నీళ్ల విరేచనములు పట్టి, పిల్ల ఎండిపోయి, కొన్నిసార్లు ఒకటి రెండు దినములలోనే మరణించును. పాలు మానిన మొదటి రెండు వారములు ఇందువలననే అపాయకరములు.

మేతలో మందు కలుపు అలవాటు

1940వ దశకము చివర అమెరికాలో కోడిపిల్లల మేతలో ఆరియోమైసిన్ తయారీ నుండి మిగిలిన పదార్థమును కలుపగా, అవి వేగముగా పెరిగినట్లు శాస్త్రజ్ఞులు గమనించిరి. అనతికాలముననే పందుల మేతలోను యాంటీబయాటిక్ మందులు చేరినవి. రోగము లేకున్నను దినదినమును కొద్దిపాటి మందు నిచ్చుట వాడుకయైనది.

కొద్దిపాటి మందు క్రిములన్నిటిని చంపదు. బలహీనములు చచ్చి, మందుకు లొంగనివి మిగిలి వృద్ధిపొందును. బ్రిటనులో 1969వ సంవత్సరమున స్వాన్ కమిటీ ఈ విషయమును హెచ్చరించెను. స్వీడను 1986లోను, ఐరోపా సమాఖ్య దేశములన్నియు 2006 జనవరి 1వ తేదీ నుండియు, పెరుగుదలకై మేతలో ఈ మందులను కలుపుటను నిషేధించినవి. 2015లో చైనాలో కొలిస్టిన్‌ను ఎదిరించు శక్తినిచ్చు జన్యువొకటి పందులలోను, మాంసములోను, రోగులలోను కనబడెను. ఆ జన్యువు ఒక క్రిమి నుండి మరియొక క్రిమికి సులభముగా దాటగలది. ఇతర మందులేవియు పనిచేయని రోగికి వైద్యుడు చివరి ఆశగా వాడు మందులలో కొలిస్టిన్ ఒకటి. దానిని పందిపిల్ల విరేచనములకు వ్యయపరచుట, మన బిడ్డల కొరకు దాచిన ధాన్యమును వీధిలో పారబోయుటయే యగును.

మేలుచేయు జీవుల పని

తగినంత సంఖ్యలో సజీవముగా లోనికి వెళ్లి, ఆరోగ్యమునకు మేలు కలిగించు సూక్ష్మజీవులను ప్రోబయాటిక్‌లందురు. లాక్టోబాసిల్లస్ జాతులు, బాసిల్లస్ సబ్టిలిస్, ఎంటరోకోకస్ ఫీషియం, రొట్టెలకు వాడు ఈస్టు జాతి మొదలగునవి పందిపిల్లలకు వాడుకలో నున్నవి.

పైరు దట్టముగా నున్న మడిలో కలుపు తలయెత్తజాలదు. ఈ జీవుల పనియు నట్టిదే. ఇవి ప్రేగులలో చోటును, ఆహారమును ముందుగా ఆక్రమించుకొని చెడు క్రిములకు తావు లేకుండ చేయును. కొన్ని లాక్టిక్ ఆమ్లమును పుట్టించి, పాలతో పోయిన పులుపును కొంతవరకు మరల కల్పించును. కొన్ని ఇతర క్రిములను అణచు పదార్థములను వెలువరించును. మరికొన్ని ప్రేగు గోడను దృఢపరచి, శరీరపు రక్షణశక్తిని మేల్కొల్పును.

వాని పరిమితులు

అయినను ప్రోబయాటిక్ సర్వరోగ నివారిణి కాదు. పరిశోధనల ఫలితములు అన్నిచోట్ల ఒకే తీరుగా లేవు. ఒక రకము వలన కలిగిన మేలు అదే జాతిలోని మరియొక రకము వలన కలుగకపోవచ్చును. లాక్టోబాసిల్లస్ జీవులు మేతను గుళికలుగా చేయునప్పటి వేడికి చచ్చిపోవును. బాసిల్లస్ జీవులు బీజరూపమున నుండుటచే ఆ వేడిని సహించును. ఇంటి పెరుగులోని జీవులు పందిపిల్ల ప్రేగులలో స్థిరపడునని నమ్మరాదు. మందుల నెదిరించు జన్యువులు లేవని పరీక్షింపబడిన రకమునే వాడవలెను. లేనిచో తొలగింపదలచిన అపాయమునే మనము కొనితెచ్చుకొనిన వారమగుదుము.

డెన్మార్కు దేశపు అనుభవము ఇచట గమనింపదగినది. అచట పిల్లల మేతలో పెరుగుదల మందులను 2000వ సంవత్సరము నాటికి నిలిపివేయగా, మొదట విరేచనములు హెచ్చి, చికిత్సకై వాడు మందు పెరిగెను. అయినను పశువులకు వాడు మందుల మొత్తము 1994తో పోల్చగా 2001 నాటికి సగమునకు పైగా తగ్గెను. పందుల ఉత్పత్తి క్షీణింపలేదు. మందు మానుట సాధ్యమేయనియు, దాని స్థానమున మంచి పోషణ నిలువవలెననియు ఇందువలన తేటపడుచున్నది.

పెంపకందారులు పాటింపవలసినవి

1. తొందరపడి పాలు మాన్పింపరాదు. నాలుగు వారములకు ముందు మాన్పింపకుండుట మేలు.

2. పిల్లలు పాలు త్రాగుచుండగనే, రెండవ వారము నుండి, సులభముగా అరుగు మేతను కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను.

3. పాలు మానిన పిల్లల చోటు పొడిగను, శుభ్రముగను, సుమారు 28 డిగ్రీల వెచ్చదనముతోను ఉండవలెను. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను.

4. మేతలో మాంసకృత్తులు అవసరమునకు మించకుండ చూడవలెను. మేతను ఒకేసారి కుప్పగా పోయక, దినమునకు పలుమారులు కొంచెము కొంచెముగా పెట్టవలెను.

5. ప్రోబయాటిక్‌ను పాలు మాన్పుటకు కొన్ని దినములు ముందుగనే ప్రారంభించి ప్రతిదినమును ఈయవలెను. పొట్లముపై జీవి పేరు, సజీవ సంఖ్య, గడువు తేదీ చూచి కొనవలెను. చల్లని చోట దాచవలెను. వేడి గంజిలో కలుపరాదు.

6. విరేచనములు పట్టిన పిల్లను వేరుచేసి, లవణములు కలిపిన నీటిని త్రాగించుచు, వెంటనే పశువైద్యుని పిలువవలెను. రోగమున్నచో మందు మానుట ధర్మము కాదు. వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడవలెను. ఆ మందు ప్రోబయాటిక్ జీవులను కూడ చంపవచ్చును గనుక రెంటిని కలిపి ఇచ్చుటకు ముందు వైద్యుని అడుగవలెను. మందు వాడిన పిదప గడువు తీరువరకు ఆ పశువును మాంసమునకు అమ్మరాదు.

మందు రోగమునకే గాని మేతకు కాదు. పరిశుభ్రత, సరియైన మేత, వెచ్చని చోటు, వీనికి తోడుగా మేలుచేయు సూక్ష్మజీవులు ఉన్న దొడ్డిలో మందు అవసరము తగ్గును. అట్లు మిగిలిన మందు, రేపు ప్రాణాపాయములో నున్న మనుష్యునకు పనిచేయును.