రిపోర్టులో కనిపించని వైరస్ ఎక్కడుంటుంది?

మన సహాయ నిధికి విరాళం ఇచ్చేవారిలో కొందరు ఏటా జకాత్ లెక్క చూసుకునే వేళ ఒక మాట అడుగుతుంటారు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తంలో వైరస్ కనిపించడం లేదని రిపోర్టు వచ్చింది, అతను పనికి కూడా పోతున్నాడు, ఇంకా బస్సు ఛార్జీలకూ పోషకాహారానికీ మనం ఎందుకు ఇవ్వాలి అని. అడగడం న్యాయమే. ఇచ్చిన రూపాయికి లెక్క అడిగే హక్కు దాతకు ఉంది. అయితే దీని జవాబు ఒక కణం లోపల ఉంది కాబట్టి, బడిలో పిల్లలకు చెప్పినట్టు కాస్త వెనక నుంచి మొదలుపెడతాను.

పెద్ద వలీమా జరుగుతోందనుకోండి. ఏమేం వండాలో రాసిన అసలు పుస్తకం ఇంటి పెద్ద బీరువాలో ఉంటుంది, బయటికి రాదు. అందులోంచి ఒక్కో వంటకం చీటీ మీద ఎక్కించి డేగ్‌ల దగ్గరున్న బావర్చీకి పంపుతారు. చీటీ అందితేనే వంట. మన కణంలో ఆ పుస్తకం డీఎన్‌ఏ, చీటీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, వంటకం ప్రోటీను.

ఈ పుస్తకంలోంచే మరో రకం తునకలు కూడా వస్తాయి. వాటితో ఏ వంటకమూ తయారవదు. ఒక్కొక్కటి దాదాపు 22 అక్షరాల పొడవే. చీటీలో, ముఖ్యంగా దాని చివరి భాగంలో, తనకు జోడీ కుదిరే అక్షరాలు కనిపిస్తే వెళ్లి అతుక్కుంటుంది. ఇక ఆ చీటీ సరిగా చెల్లదు. బావర్చీ చదవలేడు, కొంతసేపటికి అది చిరిగిపోతుంది. వీటినే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంటారు. అమెరికా శాస్త్రవేత్తలు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ 1993లో ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగులో దీని సంగతి కనిపెట్టినప్పుడు, అది ఆ పురుగుకే చెందిన వింత అనుకున్నారు చాలామంది. 2000లో బయటపడ్డ మరొకటి మనుషులతో సహా అనేక జంతువుల్లో ఉందని తేలాకే అందరి చూపూ ఇటు తిరిగింది. మనిషిలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. ముప్పై ఏళ్లు పట్టింది, పురుగు మీద పనిని పట్టించుకోవడానికి!

ఇప్పుడు హెచ్‌ఐవీ దగ్గరికి వద్దాం. ఇది ప్రధానంగా సీడీ4 కణాలలో చేరుతుంది. రోగనిరోధక దళానికి కబుర్లు అందించి నడిపించే కణాలివి. ఆరోగ్యవంతుల రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. హెచ్‌ఐవీ లోపలికి వెళ్లాక తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి, కణం పుస్తకంలోనే ఒక పేజీలా అతికించేస్తుంది. తరువాత ఆ పేజీ నుంచి కూడా చీటీలు బయలుదేరుతాయి. బావర్చీకి తేడా తెలియదు, వైరస్‌నే వండిపెడతాడు.

ఇక్కడ మన చిన్న తునకలు అడ్డుపడతాయి. వైరస్ తన పేజీని జోరుగా నకలు తీయించుకోవడానికి కణంలోని పీక్యాఫ్ అనే ప్రోటీను సాయం తీసుకుంటుంది. మామూలుగా ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏల గుంపు ఈ ప్రోటీనును అదుపులో ఉంచుతుంది. ఫ్రాన్స్‌లోని మాంపెలియే పరిశోధకులు 2007లో చూపినదేమిటంటే, హెచ్‌ఐవీ సోకిన కణంలో ఆ గుంపే తగ్గిపోతుంది. కావలివాడు తగ్గాడు, పీక్యాఫ్ పెరిగింది, వైరస్‌కు దారి సులువైంది.

అదే ఏడాది ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన పరిశోధన ఇంకో వైపు చూపింది. నాకు ఎక్కువ ఆలోచన కలిగించినది ఇదే. సీడీ4 కణాలు అన్నీ ఎప్పుడూ పనిలో ఉండవు. కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. అలాంటి కణాల్లో కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఎక్కువగా ఉండి, హెచ్‌ఐవీ చీటీలకే అతుక్కుని వాటిని ఆపుతున్నాయి. ప్రయోగశాలలో వాటిని అడ్డుకుంటే వైరస్ మళ్లీ బయటపడింది. అంటే కణం తనను తాను కాపాడుకోవడానికి చేసిన పని వల్లే వైరస్ చప్పుడు లేకుండా దాక్కోగలుగుతోంది. చప్పుడు లేని కణాన్ని రోగనిరోధక దళం గుర్తుపట్టలేదు, చంపదు. వైరస్ నిద్రకు ఇదొక్కటే కారణం కాదు; డీఎన్‌ఏ బిగుతుగా చుట్టుకుపోవడం లాంటివి కూడా ఉన్నాయి. వీటన్నిటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల వాటా ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ నిద్రపోయే కణాలున్నాయనీ, అవి ఏళ్ల తరబడి బతుకుతాయనీ ఎవరూ కాదనరు.

ఇప్పుడు ఆ రిపోర్టును మళ్లీ చదవండి. వైరల్ లోడ్ పరీక్ష రక్తంలో తేలుతున్న వైరస్‌ను లెక్కిస్తుంది. నిద్రపోతున్న కణం పుస్తకంలో అతికిన పేజీని అది చూడదు. మందులు వైరస్ కొత్త కణాలకు పాకకుండా ఆపుతాయి, ఉన్న పేజీని చించలేవు. అందుకే మందులు మానేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. మానుతూ వేసుకుంటూ ఉంటే మందుకు లొంగని వైరస్ తయారయ్యే ప్రమాదమూ ఉంది. క్రమం తప్పకుండా వేసుకుని వైరస్ కనిపించని స్థితిలో ఉన్నవారి నుంచి మాత్రం దాంపత్య సంబంధం ద్వారా అది జీవిత భాగస్వామికి సోకదు. ఈ ఒక్క విషయం తెలియక విడిపోయిన కాపురాలు ఉన్నాయి.

మందులు మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. కాబట్టి దాత డబ్బు మాత్రకు కాదు, మాత్ర దాకా వెళ్లే దారికి. కూలికి వెళ్లేవాడు కేంద్రానికి వెళ్లిన రోజు కూలి పోతుంది, ఛార్జీలు అదనం. ఒక నెల డబ్బు లేక ఆగిపోతే ఏమవుతుందో పైన చెప్పాను. సాయం పొందేవారి పేర్ల జాబితా కావాలని ఎవరైనా అడిగితే మాత్రం ఇవ్వలేం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం వారి సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ఖర్చు లెక్క చూపవచ్చు, మనిషిని చూపనక్కరలేదు.

రమజాన్ గురించి కూడా అడుగుతుంటారు. రోజా ఉండాలని మాత్ర మానేయడం ఎంతమాత్రం సరికాదు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్రే ఇస్తున్నారు కనుక దాన్ని ఇఫ్తార్ తరువాత ఒక వేళకు పెట్టుకునే వీలు ఉండవచ్చు. నెల మొదలవక ముందే కేంద్రంలోని డాక్టరును అడిగి, రోజా ఉండవచ్చా, మాత్ర ఏ వేళకు వేసుకోవాలి అన్నవి ఖరారు చేసుకోమని తెలిసినవారికి చెప్పండి.