షియర్ బోల్టు ఎంపిక: తన్యతా బలం నుండి కోత బలం అంచనా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో వరి, మొక్కజొన్న, పసుపు పంటలకు నేల తయారీలో రోటవేటరు వినియోగం సర్వసాధారణమైంది. రాయి లేదా మొద్దు తగిలి బ్లేడ్లు ఒక్కసారిగా ఆగినప్పుడు గేరుబాక్సు దెబ్బతినకుండా కొన్ని యంత్రాల పి.టి.ఓ. షాఫ్టులో షియర్ బోల్టును అమరుస్తారు. తాను తెగి మిగతా భాగాలను కాపాడటమే దాని ధర్మం. తెగిన బోల్టు స్థానంలో చేతికందిన గట్టి బోల్టును బిగిస్తే ఆ రక్షణ పోతుంది. కావున బోల్టు ఎంత భారానికి తెగుతుందో అంచనా వేయగలగడం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు అవసరం.

తలపై గుర్తు తెలిపేది

బోల్టు తలపై 4.6, 8.8, 10.9, 12.9 వంటి గుర్తులుంటాయి. మొదటి అంకెను 100తో గుణిస్తే నామమాత్ర తన్యతా బలం చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో వస్తుంది. 8.8 బోల్టుకు ఇది 800. ఈ గుర్తు లాగుడును తట్టుకునే బలాన్నే తెలుపుతుంది. అడ్డంగా కోసే భారాన్ని తట్టుకునే కోత బలాన్ని తెలుపదు.

రెండింటి సంబంధం

ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్థితికి కోత, తన్యతల నిష్పత్తి ట్రెస్కా సిద్ధాంతం ప్రకారం 0.5, వాన్ మీసెస్ సిద్ధాంతం ప్రకారం 0.577. తెగే స్థితికి ఉక్కు బోల్టులలో సుమారు 0.6గా తీసుకోవచ్చు. ఐ.ఎస్. 800:2007 ప్రమాణం నిర్మాణాల బోల్టులకు తన్యతా బలాన్ని 3 వర్గమూలంతో భాగించి, ఆపై 1.25 భద్రతా గుణకంతో తగ్గిస్తుంది. అక్కడ బోల్టు తెగరాదు. షియర్ బోల్టు సకాలంలో తెగాలి. కాబట్టి ఇక్కడ భద్రతా గుణకంతో తగ్గించక, తెగే భారాన్నే లెక్కించాలి.

ఉదాహరణ

పి.టి.ఓ. వద్ద 30 కిలోవాట్ల శక్తి, నిమిషానికి 540 భ్రమణాలు ఉంటే టార్కు సుమారు 531 న్యూటన్ మీటర్లు. షాఫ్టు కేంద్రం నుండి 50 మి.మీ. దూరంలో ఒకే కోత తలంతో 8 మి.మీ. బోల్టు ఒకటి ఉందనుకుందాం. మరలేని భాగపు వైశాల్యం 50.3 చ.మి.మీ.

4.6 బోల్టు: 0.6 × 400 × 50.3 = 12,072 న్యూటన్లు; తెగే టార్కు 604 న్యూటన్ మీటర్లు.
8.8 బోల్టు: 24,144 న్యూటన్లు, 1,207 న్యూటన్ మీటర్లు.
12.9 బోల్టు: 36,216 న్యూటన్లు, 1,811 న్యూటన్ మీటర్లు.

ఈ అమరికలో 4.6 బోల్టు సాధారణ కుదుపులకే తరచూ తెగవచ్చు. 12.9 బోల్టు మామూలు టార్కుకు మూడు రెట్లకు మించి తట్టుకుంటుంది. ఆలోగా గేర్లు విరిగే ప్రమాదముంది. మర భాగం కోత తలంలోకి వస్తే వైశాల్యం 36.6 చ.మి.మీ.కు తగ్గి, 8.8 బోల్టు 878 న్యూటన్ మీటర్లకే తెగుతుంది. కాబట్టి గ్రేడు, వ్యాసంతో పాటు మర లేని భాగపు పొడవూ సరిపోవాలి. కోత తలాలు రెండైతే బలం రెట్టింపవుతుంది.

అంచనాకు హద్దులు

800 అనేది నామమాత్రపు విలువ; సరఫరా అయిన బోల్టు అంతకంటే బలంగా ఉండవచ్చు. అసలు బలం 1,000 ఉంటే తెగే టార్కు 25 శాతం పెరిగి 1,509 న్యూటన్ మీటర్లవుతుంది. నిర్మాణాలలో అదనపు బలం మేలు చేస్తుంది. షియర్ బోల్టులో అదే కీడు. అందువల్ల గేరుబాక్సు భరించగల టార్కును కనిష్ఠ విలువతోనే గాక గరిష్ఠ విలువతోనూ పోల్చాలి.

రైతులకు చెప్పవలసినవి

యంత్రపు పుస్తకంలో సూచించిన గ్రేడు, వ్యాసం, పొడవు గల బోల్టులనే వాడాలి. రెండు మూడు అదనంగా ఉంచుకోవాలి. మేకులు, ఇనుప కడ్డీ ముక్కలు వాడరాదు. బోల్టు మార్చే ముందు ఇంజను ఆపి తాళంచెవి తీయాలి. బోల్టు పదేపదే తెగుతుంటే మరింత గట్టిదాన్ని వెతకక, దున్నే లోతు, బ్లేడ్ల స్థితి, పొలంలోని రాళ్లను పరిశీలించాలి.